నీళ్ళు కట్టిన గట్టు

నేను తాపీ మేస్త్రిని. ముప్పై నాలుగేళ్ళుగా గోడలు కడుతున్నాను. నా గోడ మీద రసమట్టం పెట్టి వంక చూపించినవాడు ఇంతవరకూ పుట్టలేదు, పుట్టినా నా ముందు నోరు విప్పలేదు. అలాంటి నన్ను, మోకాళ్ళు అరిగి పరంజా ఎక్కలేని వయసులో, ఒక ప్రయోగశాలవాళ్ళు పిలిచి రాళ్ళు సర్దే పని ఇచ్చారు. గోడ కాదు, అరుగు కాదు, కనీసం మెట్టు కూడా కాదు. గులకరాళ్ళని ఏటవాలుగా పరచాలి. వాటిని నీళ్ళు చెడగొడతాయి. మర్నాడు మళ్ళీ పరచాలి.

"చెడగొట్టడానికే అయితే నేనెందుకమ్మా, ఆ పని ఎవరైనా చేస్తారుగా" అన్నాను మొదటిరోజే.

అలా అన్నది డాక్టరమ్మతో. ఆవిడ వైద్యం చేసే డాక్టరు కాదనీ, సముద్రపు ఒడ్డుల మీద పెద్ద చదువు చదివిందనీ నాకు తెలియదు. రెండోరోజు ప్యాంటు మడిచి మోకాలు చూపించాను. ఆవిడ వంగి శ్రద్ధగా చూసింది. "వాపుంది మేస్త్రిగారూ, మంచి డాక్టరుకి చూపించండి" అంది. ఆ ముక్క ప్రయోగశాలంతా పాకి, వారం రోజులపాటు నేను ఎదురుపడితే చాలు, అందరూ మోకాలు పట్టుకునేవాళ్ళు.

ప్రయోగశాల అంటే గాజు సీసాలూ తెల్లకోట్లూ ఉంటాయనుకున్నాను. తలుపు తీస్తే లోపల రైల్వే ప్లాట్‌ఫారమంత షెడ్డు, దాని పొడుగునా నలభై మీటర్ల తొట్టె. వెడల్పు మీటరున్నర, లోతు నా భుజం దాకా. ఒక పక్కంతా దళసరి గాజు. ఒక చివర ఇనుప పలక ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అది నెట్టినప్పుడల్లా ఒక అల పుడుతుంది. రెండో చివర నేను పరచిన రాళ్ళ ఒడ్డు. పంపుతో నీళ్ళు మెల్లగా నింపితే పోటు, తోడేస్తే ఆటు. అసలు సముద్రంలో ఆరు గంటలు పట్టే పోటు అక్కడ రెండు గంటల్లో వస్తుంది. ఒడ్డునీ అలనీ తొమ్మిదో వంతుకి తగ్గిస్తే కాలం మూడో వంతుకే తగ్గుతుందట. ఎందుకని అడిగితే డాక్టరమ్మ బోర్డు మీద లెక్క వేసి చూపించింది. నేను బుద్ధిగా తలూపాను. ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పలకని ఊపే యంత్రం దగ్గర కూర్చునే మనిషిని అందరూ అలలాయన అంటారు. ఇరవై ఏళ్ళుగా అలలు చేస్తున్నాడు, ఈత మాత్రం రాదు.

"నీళ్ళంటే నాకు భయమయ్యా మేస్త్రీ, అందుకే దూరంగా కూచుని మీట నొక్కుతాను" అనేవాడు.

ఆ పని మీద నాకు చిన్నచూపే. కానీ నిజం చెప్పాలి కదా, గాజు పక్కన నిలబడ్డ మొదటిరోజే అక్కడే అతుక్కుపోయాను. సముద్రాన్ని నేను ఎప్పుడూ ఎదురుగానే చూశాను, పక్కనుంచి చూడలేదు. అల వస్తుంటే దాని పొట్ట కనిపించింది. పైన నీళ్ళు ముందుకి పోతుంటే అడుగున నీళ్ళు వెనక్కి పోతున్నాయి. రెండూ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ పోతుంటే, మధ్యలో వేళ్ళంత రాళ్ళు లేచి, కాస్త ఆగి, మళ్ళీ కూర్చున్నాయి. అల విరిగినప్పుడు అరచేతికి గాజు దడదడలాడింది. నేను చెయ్యి తియ్యలేదు.

"భోజనానికి రావా?" అని అలలాయన రెండుసార్లు పిలిస్తే గాని నాకు తెలియలేదు.

అయినా నేను ఆ పనిలో నిలిచిపోయింది అక్క కోసం.

మా అక్క ఇల్లు ఊరి చివర, గులకరాళ్ళ ఒడ్డున ఉన్న వరసలో ఉంది. మొత్తం నలభై రెండు ఇళ్ళు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, మేస్త్రిగా నా చేతులతో కట్టిన మొదటి ఇల్లు అక్కదే. నీలం రంగు తలుపు, ముందు చిన్న వరండా, అందులో కుట్టు మిషను, సముద్రంవైపు ఇనుప గేటు. అక్క అక్కడే కూర్చుని ఊళ్ళో పిల్లలందరికీ బడి బట్టలు కుట్టింది.

ఆ గేటుతో నాకో పెద్ద తలనొప్పి ఉండేది. ఏటా తుపాను వెళ్ళాక సముద్రం ఒడ్డున ఉన్న రాళ్ళన్నీ తెచ్చి గేటు ముందు నడుమెత్తు కుప్ప పోసేది. గేటు బయటికి తెరుచుకునేది కాబట్టి అక్కకి ముందువైపు దారి మూసుకుపోయేది. నేను పారా తట్టా పట్టుకుని వెళ్ళి, రెండు రోజులు నడుం విరిగేలా ఎత్తి, ఆ రాళ్ళని మళ్ళీ సముద్రం మొహానే కొట్టి వచ్చేవాణ్ని. తట్టకో తిట్టు.

"నీకూ సముద్రానికీ ఏం పగరా?" అని అక్క నవ్వేది.

ఈమధ్య వరసగా రెండేళ్ళు తుపాను నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. అధికారులు వచ్చి కొలుచుకుపోయారు. కాంక్రీటు గోడ కడితే దాని పాదం కిందే సముద్రం తవ్వేస్తుందన్నారు. ఇళ్ళు ఖాళీ చేయించడమే దారన్నారు. అప్పుడు డాక్టరమ్మ అడ్డం పడింది. అలాంటి రాళ్ళే ఇంకొన్ని తెచ్చి ఒడ్డున పోయండి, తనకి కావలసిన అడ్డు సముద్రమే కట్టుకుంటుంది అంది. అధికారులు మొహమొహాలు చూసుకున్నారట. సరే, తొట్టెలో రుజువు చెయ్యండి, నిండు పోటు మీద తుపాను అలలు కొట్టినా నీళ్ళు ఇళ్ళ గీత దాటకపోతే ఒప్పుకుంటాం అన్నారు. దాటితే, వచ్చే తుపాను కాలంలోపు నలభై రెండు ఇళ్ళూ ఖాళీ.

ఈ సంగతి విన్నప్పుడు నేనూ నవ్వాను. రాళ్ళు పోస్తే నీళ్ళు గోడ కడతాయా? మరి మేస్త్రులు ఎందుకు, గాడిదలు కాయడానికా? కానీ అక్క ఇల్లు నిలవడానికి ఉన్న ఒకే ఒక్క దారి అదే కాబట్టి నోరు మూసుకుని రాళ్ళు పరిచాను.

మూడు నెలలు చిన్న అలలతో పని నడిచింది. రాళ్ళు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో తెలియడానికి వాటికి నేనే రంగులు వేశాను. నీళ్ళ అడుగున ఉండేవాటికి ఎరుపు, నడుమ పసుపు, పైన తెలుపు. ఒడ్డు వెనక ఇళ్ళ గీత గీసి, దాని మీద జానెడు ఇల్లొకటి సిమెంటుతో చేసి పెట్టాను. తలుపుగా చెక్కముక్క పెట్టి నీలం రంగు వేశాను. డాక్టరమ్మ చూసింది, తియ్యమనలేదు.

ఆవిడకి ఒకటే పట్టుదల. "రాళ్ళు కడిగినవే ఉండాలి మేస్త్రిగారూ. ఇసుక ఉండకూడదు. ఒక్క గుప్పెడు కూడా వద్దు." నెలకోసారైనా ఈ మాట చెప్పేది. పెద్ద చదువులవాళ్ళకి శుభ్రం ఎక్కువ అనుకున్నాను. కారణం అడగాలని తోచలేదు.

ఆఖరి పరీక్ష ముందురోజు సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక నేనొక్కణ్నే వాలు సరిచేస్తున్నాను. పైకెక్కితే కాళ్ళ కింద రాళ్ళు కరకరమంటూ జారాయి. మేస్త్రి చేతికి అది సహించదు. రాయికీ రాయికీ మధ్య వేలు దూరే సందులు. ఇంత బోలుగా ఉన్నదాని మీద తుపాను కొడితే ఏం నిలుస్తుంది? దాని వెనక జానెడు దూరంలో నీలం తలుపు నన్నే చూస్తోంది.

షెడ్డు వెనక పాత ప్రయోగం తాలూకు ఇసుక కుప్ప ఉంది. ఆరు బస్తాలు మోసుకొచ్చాను. వాలు పైభాగమంతా పోసి, గొట్టంతో నీళ్ళు కొట్టి సందుల్లోకి దింపాను. దిమ్మిసతో గట్టిపరిచాను. పైన రెండు వరసలు శుభ్రమైన రాళ్ళు పరిచి ఇసుక కనపడకుండా చేశాను. ఎక్కి నిలబడితే ఒక్క రాయి కదల్లేదు. హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను. అక్క ఇంటికి నా చేత్తో నేనే గొయ్యి తవ్వి వచ్చానని నాకు తెలియదు.

మర్నాడు పరీక్షకి అక్క రాలేకపోయింది. బడులు తెరిచే రోజులు, మిషను దగ్గర్నుంచి లేవడానికి లేదు.

"చూడ్డం ఎలాగూ కుదరదు, వినిపించన్నా వినిపించరా" అని ఫోన్లో అడిగింది. ఫోను గాజు పక్కన స్టూలు మీద పెట్టాను.

అలలాయన మీట నొక్కాడు. మోకాలెత్తు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పంపు నీళ్ళు పెంచుతోంది. మొదటి అరగంట ఒడ్డు చెక్కుచెదరలేదు. చూశావా నా పనితనం అని మీసం దువ్వుకున్నాను. తరవాత నీళ్ళు ఇసుక వేసిన చోటికి చేరాయి. అల పైకి ఎగబాకింది. ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా దిగింది. దిగుతూ పై వరస రాళ్ళని ఊడ్చుకుపోయింది. తరవాతి అల ఇంకాస్త ఊడ్చింది. రాళ్ళ కింద నేను దాచిన ఇసుక బురదగా కారి నీళ్ళని మసకబార్చింది. నిండు పోటు రాకముందే ఒడ్డు తల తెగి పడింది. ఒక అల నేరుగా గీత దాటి జానెడు ఇంటిని ఎత్తి గోడకేసి కొట్టింది. నీలం తలుపు విరిగి నీళ్ళలో తేలింది.

"ఆపండి" అంది డాక్టరమ్మ. పుస్తకంలో ఏదో రాసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అక్క గుర్తొచ్చి ఫోను తీశాను.

"ఏమైందిరా?" అంది.

"పోయిందక్కా. గీత దాటేశాయి."

"ఒరేయ్, ఒకటి అడుగుతాను, తెలియక అడుగుతున్నా. రాళ్ళేవిరా?" అంది.

"రాళ్ళేవేంటి?"

"మొదటి అరగంట తరవాత రాళ్ళ చప్పుడు రాలేదురా. మా ఒడ్డున అల వచ్చేటప్పుడు దబ్బుమంటుంది. తరవాత నీళ్ళు రాళ్ళలోకి దిగిపోతూ గలగలమంటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ గలగల వింటూనే నిద్రపోతున్నాను. మీ సముద్రంలో దబ్బుమన్న చప్పుడుంది, గలగల లేదు. ఒట్టి జర్రుమని జారిపోయింది. ఇసుక ఒడ్డున నిలబడ్డట్టుంది."

ఫోను పెట్టేశాను.

షెడ్డు వెనక్కి వెళ్ళాను. సిమెంటు కలిపే పాత బకెట్లు రెండు తీసుకుని, అడుగున మేకుతో పది పది చిల్లులు పొడిచాను. ఒకదాంట్లో కడిగిన రాళ్ళు నింపాను. రెండోదాంట్లో రాళ్ళు పోసి సందుల్లో ఇసుక దట్టించాను. రెండింటిమీదా చెరో చెంబు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించాను. మొదటి బకెట్టులో నీళ్ళు లేవు! పోసినవి పోసినట్టే మాయమై, అడుగునుంచి కారిపోయాయి. రెండో బకెట్టులో నీళ్ళు పైనే నిలిచి, అంచు పొర్లి నా కాళ్ళ మీద పడ్డాయి. మళ్ళీ పోశాను. మళ్ళీ అంతే. ఎన్నిసార్లు పోశానో లెక్కలేదు.

ముప్పై నాలుగేళ్ళు సందులు పూడ్చి బతికాను. సందు కనిపిస్తే నాకది తప్పు. ఇక్కడ ఒడ్డు నిలిచేదే ఆ సందులతో అని ఆ చెంబు నీళ్ళు నాకు చెప్పాయి. పైకొచ్చిన అలని రాళ్ళు తాగేస్తాయి. వెనక్కి లాక్కుపోవడానికి నీళ్ళు మిగలవు. నేను ఒడ్డు గొంతులో ఇసుక కుక్కాను.

ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటే నా పని నాకుంటుంది, అక్క ఇల్లు పోతుంది. చెబితే ఇంత పాడుచేసినవాణ్ని ఎవరుంచుకుంటారు? ఆ మాట తోచినందుకే నా మీద నాకు అసహ్యం వేసింది. రెండు బకెట్లూ మోసుకెళ్ళి డాక్టరమ్మ గది తలుపు భుజంతో నెట్టాను. మొహం చూసి చెప్పే ధైర్యం లేదు. నేల మీద బకెట్లు పెట్టి, ఆవిడ బల్ల మీదున్న మంచినీళ్ళ సీసాలు రెండూ తీసి, చెరోదాంట్లో కుమ్మరించాను. గది తడిసిపోయింది.

ఆవిడ బకెట్లని చూసింది, నన్ను చూసింది.

"ఎన్ని బస్తాలు?"

"ఆరు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. పైన మంచి రాళ్ళు పరిచి దాచాను. నాదే తప్పమ్మా. గట్టిగా ఉంటుందనుకున్నాను."

"మూడు నెలలు మేస్త్రిగారూ! నెలనెలా చెప్పాను! గుప్పెడు కూడా వద్దని చెప్పానా లేదా?" ఆవిడ అరవడం అదే మొదటిసారి. షెడ్డులో అందరికీ వినిపించింది. ఎదురు చెప్పే అలవాటున్న నేను తల దించుకుని నిలబడ్డాను. అరిచి అరిచి కూర్చుంది. తడిసిన కాగితాలు ఒక్కొక్కటే దులిపింది.

"ఎందుకు వద్దంటున్నానో నేనూ చెప్పలేదు" అంది చివరికి. "వచ్చే సోమవారం రిపోర్టు ఇవ్వాలి. తొమ్మిది టన్నుల రాళ్ళున్నాయి. ఇసుక అన్నిట్లోకీ పాకింది. కడగగలరా?"

"కడుగుతాను."

"ఇవాళ్టి పరీక్ష కూడా రిపోర్టులో రాస్తాను. దాచను. మీలాగ."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది.

నాలుగు రోజులు కడిగాను. పారతో ఎత్తి, జల్లెడలో పోసి, గొట్టం పట్టి, ఇసుక రాలేదాకా ఊపి, తీసి గుట్ట పెట్టాను. మోకాళ్ళు వాచిపోయాయి. రెండోరోజు అలలాయన ప్యాంటు మడుచుకుని వచ్చి జల్లెడ రెండో వైపు పట్టుకున్నాడు.

"నీళ్ళంటే భయమన్నావుగా అన్నా" అన్నాను.

"నిన్ను చూస్తే ఇంకా భయంగా ఉంది, పట్టు" అన్నాడు.

నాలుగోరోజుకి రాళ్ళు తళతళలాడాయి. రంగులవారీగా వేరుచేసి వాలుగా పరిచాను. కాళ్ళ కింద కరకరమని జారాయి. ఈసారి పళ్ళ బిగువున ఊరుకున్నాను. విరిగిన తలుపు అతికించి జానెడు ఇంటిని మళ్ళీ గీత మీద పెట్టాను.

శనివారం అక్క కుట్టు మిషను మూసేసి వచ్చింది. నేను స్టూలు వేస్తే కూర్చోలేదు, గాజుకి మొహం ఆనించి నిలబడింది. ఇసుక సంగతి అప్పటికే చెప్పేశాను. ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మొదటి అల వచ్చి దబ్బుమని విరిగింది. నీళ్ళు వాలు మీదికి ఉరికాయి. ఇక దిగాలి కదా అని చూస్తే, దిగడానికి నీళ్ళు లేవు. రాళ్ళలోకి ఇంకిపోయాయి. షెడ్డంతా గలగలమంది.

"అదీ" అంది అక్క.

రెండో అల, మూడో అల, నూరో అల. వచ్చిన ప్రతి అల కొన్ని రాళ్ళు పట్టుకొచ్చి, ఎక్కడ ఓపిక అయిపోతే అక్కడ పెట్టి, వట్టి చేతులతో వెళ్ళింది. అరగంటకి నీటి అంచున జానెడు గట్టు లేచింది. నేను కళ్ళు నులుముకున్నాను. పంపు నీళ్ళు పెంచింది. కింద కట్టిన గట్టు మునిగిపోయింది. అయిపోయిందనుకున్నాను. అలలు ఆ గట్టునే విప్పి, రాయి రాయి మోసుకుని, కొత్త నీటి అంచుకి ఒక మెట్టు పైన మళ్ళీ కట్టాయి. ఇంకాస్త ఎత్తుగా. నీళ్ళు పెరిగినకొద్దీ గట్టు వాటికంటే ముందు ఎక్కుతూ పోయింది. పురమాయించేవాడు లేడు, దారం పట్టేవాడు లేడు. ఇంత పెద్ద పని నా ఎదుట జరుగుతుంటే, ఇన్నేళ్ళూ నేనేదో కట్టానని విర్రవీగినందుకు సిగ్గేసింది. సిగ్గుతోబాటు చెప్పలేనంత సంతోషమూ వేసింది.

"నిండు పోటు" అన్నాడు అలలాయన. "పెద్దవి మూడు వదులుతున్నాను."

మొదటిది గట్టు తల తాకి పడిపోయింది. రెండోది తల మీదికి ఎక్కి అటు కాస్త చిందింది. మూడోది వస్తుంటే గాజు వెనక చీకటి కమ్మింది. అక్క నా మణికట్టు పట్టుకుంది. అల గట్టు ఎక్కింది, దాటింది. నీళ్ళు నీలం తలుపువైపు పరుగెత్తాయి. బెత్తెడు దూరం ఉందనగా రాళ్ళలోకి దిగిపోయాయి. అల వదిలేసిన గుప్పెడు రాళ్ళు గట్టు తల మీద కూర్చున్నాయి. ఇందాకటికంటే గట్టు రెండు వేళ్ళు ఎత్తు పెరిగింది. దాన్ని దాటిన అలే దాన్ని పెంచి పోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఈ ఫలితం వస్తుందని ఎప్పటినుంచో చెబుతున్న మనిషి, చూశాక తనే నమ్మలేనట్టు నిలబడిపోయింది.

ఆటు వచ్చి నీళ్ళు దిగాక నిచ్చెన వేసుకుని తొట్టెలోకి దిగాను. గట్టు నా నడుం దాకా ఉంది. తల మీద వరసగా ఎర్ర రాళ్ళు. నీళ్ళ అడుగున ఉండాలని నేనే ఎరుపు వేసి అడుగున పెట్టిన రాళ్ళు అవి. అన్నిటికంటే పైన కూర్చున్నాయి. జేబులోంచి రసమట్టం తీశాను. ఈ గాజునుంచి ఆ గోడ దాకా గట్టు తల మీద చెక్క బద్ద వేసి దాని మీద పెట్టాను. బుడగ అటూ ఇటూ ఊగి నట్టనడుమ నిలిచింది. వంక పెట్టాలని రెండోచోట పెట్టి చూశాను. మూడోచోటా చూశాను. ఎక్కడా కదల్లేదు.

"మేస్త్రిగారూ, ఎలా ఉంది పని?" అని పైనుంచి డాక్టరమ్మ అడిగింది.

"నాకంటే పెద్ద మేస్త్రి అమ్మా" అన్నాను. ఆ మాట నా నోట రావడం అలలాయన ఇప్పటికీ నమ్మడు.

అక్క ఇంకా గాజు పక్కనే ఉంది. గట్టునీ, దాని వెనక జానెడు ఇంటినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఒరేయ్ తమ్ముడూ" అంది మెల్లగా. "ఇది మన గేటు ముందు కుప్పే కదరా?"

చేతిలో రసమట్టం రాళ్ళ మీద పడింది. ముప్పై రెండేళ్ళు. ఏటా రెండు రోజులు. అక్క ఇంటి ముందు సముద్రం పేర్చిపెట్టిన గట్టుని, పారతో ఎత్తి, తిట్టి, సముద్రం మొహాన కొట్టింది నేను. వరసలో అందరి గేట్ల ముందూ శుభ్రం చేసుకోమని సలహా చెప్పిందీ నేనే. మేస్త్రి చెప్పాడని అందరూ చేశారు, ఏడాదికింత ఒడ్డు తరిగిపోయింది. నీళ్ళు ఇళ్ళలోకి ఎందుకు వచ్చాయని అడగడానికి ఇంక ఏమీ మిగల్లేదు. నేను ఆ గట్టు మీదే కూలబడి, గాజుకి ఇవతల, అక్క చూస్తుండగానే ఏడ్చాను.

అక్క నిచ్చెన దాకా వచ్చింది. "ఏడ్చింది చాలు, పైకి రా. బట్టలు తడిసిపోయాయి" అంది.

పరీక్ష ఇంకా రెండుసార్లు చేశాం. ప్రతిసారీ ఆ గట్టుని పారతో పడగొట్టి వాలు చెయ్యాల్సింది నేనే. పడగొట్టే ముందు దాని తల మీద ఒకసారి చెయ్యి పెట్టేవాణ్ని. రెండుసార్లూ నీళ్ళు దాన్ని ఇంచుమించు అదే చోట, అదే ఎత్తున మళ్ళీ కట్టాయి. రిపోర్టు వెళ్ళింది. ఇసుక కలిసిన పరీక్ష కూడా అందులో ఉంది, దాని పేరు "మేస్త్రి ఒడ్డు". పేరు పెట్టింది అలలాయన, ఒప్పుకుంది డాక్టరమ్మ. అధికారులు అన్నిటికంటే ఎక్కువసేపు చదివింది ఆ పేజీలేనట. ఇళ్ళు ఖాళీ చెయ్యనక్కర్లేదన్నారు. ఎండాకాలంలో లారీలతో రాళ్ళు వచ్చాయి. ఒక్క గుప్పెడు ఇసుక లేకుండా ప్రతి లారీ దగ్గరా నిలబడి చూసుకున్నాను.

తుపాను వచ్చింది. వెళ్ళిన మూడోరోజు నేను అక్క ఇంటికి వెళ్ళాను. వరసలో నలభై రెండు ఇళ్ళూ ఉన్నాయి, ఒక్క గడపా తడవలేదు. గేటు ముందు గట్టు నా ఛాతీ దాకా ఉంది. దాని అవతల సముద్రం గలగలమంటోంది. పెరటి దారిన లోపలికి వెళ్ళేసరికి అక్క వరండాలో పారా తట్టా బయటపెట్టి కూర్చుంది. మొహంలో నవ్వు దాచుకుంటోంది.

"ఏరా, మొదలుపెడతావా?"

నేను పారని గోడకి ఆనించేశాను. సంచీలోంచి సుత్తీ ఉలీ తీసి, ముప్పై రెండేళ్ళ కిందట నేనే బిగించిన గేటు బందులు ఊడదీశాను. సాయంత్రానికల్లా గేటుని తిప్పి బిగించాను. ఇప్పుడది లోపలికి తెరుచుకుంటుంది.